మంగళవారం నాటి తూత్తుకుడి

మదురై మాట్టుతావణి బస్టాండులో తూత్తుకుడి బస్సు ఎక్కితే అరుప్పుకోట్టై, ఎట్టయాపురం మీదుగా సుమారు 140 కిలోమీటర్ల దారి. పెండ్లిండ్లకని, చావులకని, తిరుచ్చెందూరు మొక్కులకని మేము ఆలుమగలం ఈ దారిన ఎన్నిసార్లు పోయినామో లెక్క లేదు. ఈసారి పోయిన పని మాత్రం వేరు. ఆ పని ఏమిటో పాఠకులకు చెప్పడానికి మాకు కొంచెం సిగ్గుగానే ఉన్నది. అయితే ఆ సిగ్గును గురించియే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము గనుక చెప్పక తీరదు.

మా చిన్నవాడికి 27 ఏండ్లు. బి.కాం. చదివి ఒక ఆఫీసులో లెక్కలు చూస్తున్నాడు. పుట్టుకతోనే బిడియస్థుడు. చిన్నప్పుడు ఇంటికి చుట్టాలు వస్తే వంటింటి తలుపు చాటున నిలబడేవాడు. బడిలో పాఠం చదవమని లేపితే గొంతు పెగిలేది కాదు. ఇప్పటికీ ఫోను మ్రోగితే మాలో ఎవరమైనా తీస్తామేమోనని మా వైపు చూస్తాడు. అటువంటివాడు ఈ సంక్రాంతి వెళ్ళిన నాలుగు రోజులకు మా ఎదుట నిలబడి, నేలచూపులు చూస్తూ, “నైనా, అమ్మా, నేను ఉద్యోగం మానుకొని జుట్టు కత్తిరించే పని నేర్చుకొంటాను” అన్నాడు.

ఇది ఒక్కనాడు పుట్టిన కోరిక కాదు. 2020 మార్చి చివర దేశమంతా తలుపులు మూసుకొన్నప్పుడు సెలూన్లు కూడా మూతపడినవి గదా. రెండు నెలలకు ఇంటిల్లిపాదికీ జుట్టు చెవుల మీదికి దిగినది. వీడు కుట్టుమిషను పెట్టెలోని కత్తెర, ఒక సన్నపళ్ళ దువ్వెన తీసుకొని పని మొదలుపెట్టినాడు. మొదటి తల మాదే. పదిహేను రోజులు తువ్వాలు చుట్టుకొని తిరిగినాము. అయిదారు తలలు అయిన తరువాత కొంచెం కుదిరినది. ఆ ఎండాకాలం పోయేలోగా పక్కింటివారు గోడ మీది నుండి తొంగిచూచి, “మా వాడికీ కత్తిరిస్తావా తమ్ముడూ?” అని అడిగేదాకా వచ్చినది. అప్పుడు అందరం మెచ్చుకొన్నాము. మెచ్చుకోలు ఒకటి, అదే బ్రతుకుతెరువు చేసుకొంటాననడం మరొకటి.

“నీవు నోరు విప్పి నలుగురితో మాట్లాడలేవు. ఆ పనిలో వచ్చినవారితో మాట కలపాలి, ఊరి కబుర్లు చెప్పాలి, నవ్వించాలి. నీ వంటి బిడియస్థుడికి అది తగదు” అని చెప్పినాము. ఈ మాట మా ఇద్దరిలో ఎవరి నోట వచ్చినదో ఇక్కడ వ్రాయము. ఇద్దరి మనస్సులోనూ ఉన్నది ఒకటే. వాడు ఏమీ బదులు చెప్పలేదు. వారం తరువాత ఫోనులో ఒక వార్త చూపించినాడు. తూత్తుకుడి మిల్లర్‌పురంలో పొన్. మారియప్పన్ అనే ఆయన సెలూను నడుపుతున్నాడు. ఇంటి ఇబ్బందుల వల్ల ఆయన చదువు ఎనిమిదవ తరగతితో ఆగిపోయినది. ఆ లోటు తీర్చుకోవడానికి తన అంగడిలోనే వందలకొద్దీ పుస్తకాలతో గ్రంథాలయం పెట్టినాడు. తమ వంతు కోసం కాచుకొన్నవారు పుస్తకం చదివితే కూలిలో కొంత తగ్గిస్తాడు. 2020 అక్టోబరు 25వ తేదీన ప్రధానమంత్రి ఆకాశవాణిలో ఆయనతో మాట్లాడినారు కూడా. “అందరూ చదువుకొంటూ కూర్చుంటారు నైనా. అటువంటి చోటు ఒకసారి చూడాలని ఉన్నది” అన్నాడు మా వాడు.

తూత్తుకుడిలో మా పెదనాయన ఉన్నారు. పక్షవాతం వచ్చిన తరువాత ఆయనను చూడనే లేదు. ఆ పనీ అయినట్లుంటుందని ఒప్పుకొన్నాము. కండ్లారా చూస్తే వాడి మోజు తీరుతుందనే లెక్క మాకు లోలోపల లేకపోలేదు. వాడికి ఆఫీసులో సెలవు దొరికినది ఫిబ్రవరిలో ఒక మంగళవారం. బయలుదేరినాము.

అరుప్పుకోట్టై మగ్గాల ఊరు. అది దాటితే నేల రంగు మారిపోతుంది. తమిళులు కరిసల్ అంటారు, మన నల్లరేగడి. ఎండకు నెరియలు విచ్చి, అక్కడక్కడ ప్రత్తి, మిరప, దూరాన తాటిచెట్లు. నాయకరాజుల నాడూ, అంతకు ముందూ వెనుకా వచ్చి ఈ నేల మీద నిలిచిన తెలుగు కుటుంబాలు వందల ఊళ్ళలో ఉన్నవి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఇక్కడికి పడమరగా కోవిల్పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఆ రాక కథనే 1976లో ‘గోపల్ల గ్రామం’ అనే తమిళ నవలగా వ్రాసినారు. ఆయన తల్లిభాష తెలుగే. మన పెద్దలు బండ్లలో ఏమేమి వేసుకొని వచ్చినారో ఆ పుస్తకం చదివినవారికి తెలుస్తుంది. భాష తెచ్చుకొన్నారు, విత్తనాలు తెచ్చుకొన్నారు, దేవుళ్ళను తెచ్చుకొన్నారు. ఎవరిని ఇంటి లోపలికి రానివ్వాలి, ఎవరిని వాకిట నిలబెట్టాలి అనేదీ తెచ్చుకొన్నారు.

ఎట్టయాపురంలో దిగి రెండు గంటలు ఆగినాము. తెలుగు పాళెగాండ్ల సంస్థానం అది. ముత్తుస్వామి దీక్షితులు 1835 దీపావళినాడు తనువు చాలించినది ఈ ఊరిలోనే. ఆయన సమాధి దగ్గర కాసేపు కూర్చుని, సుబ్రహ్మణ్య భారతి 1882 డిసెంబరు 11న పుట్టిన ఇంటికి పోయినాము. అందరూ భారతి తలపాగాను, ఆ కండ్లను చూస్తారు. మా వాడు మీసం కొసలనే చూస్తూ నిలబడినాడు. పసిపాపకు నీతులు చెప్పే పాటలో కూడా కులాలు లేవని వ్రాసిన కవి ఆయన. పుదుచ్చేరిలో ఉన్న కాలంలో ఒక హరిజన యువకునికి తన చేతితో జందెం వేసినాడు. ఆ పటం ముందు మేమిద్దరం చేతులు కట్టుకొని, ‘ఎంత గొప్ప మనిషి!’ అని తలలూపినాము. ఆ తలల్లో అప్పుడేమున్నదో తరువాత చెప్పుతాము.

బస్టాండు ఎదుట కాఫీ త్రాగుతుండగా అంగడి అతను ఎక్కడికి ప్రయాణమని అడిగినాడు. సెలూను చూడడానికి అనగానే నవ్వి, “ఈవేళ మంగళవారం గదా సార్!” అన్నాడు. మా ముగ్గురికీ అప్పుడు గుర్తుకు వచ్చినది. మంగళవారం సెలూన్ల సెలవు. ఈ వైపు పుట్టి పెరిగినవారికి తెలియని సంగతి కాదు. మంగళవారం క్షౌరం కూడదని మనమే నియమం పెట్టుకొన్నాము, ఆ పని చేసేవారు దానినే తమ విశ్రాంతి దినం చేసుకొన్నారు. సెలవు దొరికిందనే సంతోషంలో వారం చూచుకోలేదు. మా ఇద్దరికీ లోపల కొంచెం తేలికగానే అనిపించినదని ఒప్పుకోవాలి. వాడి ముఖం మాత్రం చిన్నబోయినది. అయినా, “తాతను చూడాలి గదా, పోదాం పదండి” అన్నాడు.

తూత్తుకుడి చేరేటప్పటికి పగలు పన్నెండు. ఊరి బయట ఉప్పు మడులు ఎండకు తెల్లగా మెరుస్తున్నవి. గుజరాతు తరువాత దేశంలో ఎక్కువ ఉప్పు తమిళనాడుదే, అందులో పెద్ద పాలు ఈ తీరానిది. పోర్చుగీసువారి కాలంనుండి ముత్యాలకు పేరుపడ్డ రేవు, మంచుమాత గుడి, జీడిపప్పు మాకరూన్లు, ఇవన్నీ ఈ పత్రికలో లోగడ చదివినవే గనుక మళ్ళీ వ్రాయము. ఆ రోజు మా కండ్లకు ఆనినవి వేరు. ప్రతి వీధిలోనూ ఒక సెలూను, దాని మీద దించిన ఇనుప తలుపు. ఇన్ని అంగళ్ళు ఉన్నాయని ఎన్నడూ గమనించలేదు. మూసి ఉన్నప్పుడు లెక్కకు వచ్చినవి.

పెదనాయనకు 88 ఏండ్లు. ఎడమ చేయి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. మాట నిదానంగా, ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఆయన రెండు మాటలు పలికేలోగా మూడవది పక్కనున్నవారు అందిస్తారు, అది ఆయన అనదలచిన మాట కాకపోతే విసుక్కొని ఊరుకొంటారు. మేమూ అట్లే అందించినాము. ఇంటికి వచ్చి క్షౌరం చేసే అతను నెలన్నరగా ఊరిలో లేడట. జుట్టు మెడ మీదికి పెరిగి, చెవుల వెనుక చెమటకు ఒరుసుకొని ఎర్రబారినది. పెదనాయన మాటిమాటికీ కుడిచేత్తో అక్కడ గోకుకొంటున్నారు.

మా వాడు కాసేపు చూచినాడు. తరువాత తన సంచిలో నుండి ఒక గుడ్డ చుట్ట తీసినాడు. రెండు కత్తెరలు, మూడు దువ్వెనలు, నీళ్ళు చిమ్మే సీసా, మెడకు కట్టే తెల్లగుడ్డ. అవి వాడి దగ్గర ఉన్నాయని మాకు తెలియదు. “తాతా, కత్తిరించనా?” అన్నాడు. పెద్దమ్మ, “మంగళవారం పూటనా!” అని బుగ్గన వేలు పెట్టుకొన్నది. పెదనాయన ఒక్కొక్క మాటే కూడదీసుకొని, “ఇన్ని ఏండ్లు… మోసిన తల. ఒక మంగళవారానికి… ఏమౌతుంది!” అన్నారు.

పెరటి వసారాలో కుర్చీ వేసినారు. పెదనాయన తల ఎడమకు వాలిపోతుంది. వాడు తువ్వాలు మడిచి ఆ వైపు భుజం మీద ఆనిక పెట్టినాడు. కత్తెర పట్టలేదు. ముందు రెండు అరచేతులూ తల మీద ఉంచి, వ్రేళ్ళతో మెల్లగా తడిమి సుడి ఎక్కడున్నదో చూచుకొన్నాడు. సుడి దగ్గర వెంట్రుక ఎటు తిరిగితే అటే కోయాలట, లేకపోతే రెండు రోజులకు నిక్కబొడుచుకొంటుందట. తరువాత రెండే ప్రశ్నలు అడిగినాడు. “చెవి మీద ఎంతవరకు తాతా?” “పాపిట ఏ వైపు?” పెదనాయన, “ఎడమ. మా అమ్మ… పెట్టిన వైపు” అన్నారు. అంతే. నీళ్ళు చిమ్మి, దువ్వి, పాయను రెండు వ్రేళ్ళ నడుమ పట్టి, వ్రేళ్ళకు బయట ఉన్నంత మేర కత్తిరించుకొంటూ పోయినాడు. చెవి దగ్గరికి వచ్చినప్పుడు చెవిని బొటనవ్రేలితో మడిచి పట్టినాడు. ఒరుసుకొన్న చోట దువ్వెన తగలనీయలేదు.

ఆ నిశ్శబ్దంలో పెదనాయన మాట మొదలుపెట్టినారు. మేము మాట అందించబోతే వాడు తల ఎత్తి ఒక్కసారి చూచినాడు. ఊరుకొన్నాము. పెదనాయన ఆగినప్పుడల్లా కత్తెర కూడా ఆగినది, మాట దొరికినప్పుడు మళ్ళీ కదిలినది. ఆయన చెప్పినది తన తాతగారు చెప్పిన ముచ్చట. 1906లో వ.ఉ. చిదంబరం పిళ్ళైగారు ఇక్కడినుండి కొలంబోకు స్వదేశీ ఓడలు నడపడానికి కంపెనీ పెట్టినారు గదా. 1908 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోరల్ మిల్లు కూలీలు సమ్మె కడితే ఆయనా, సుబ్రహ్మణ్య శివా వారికి అండగా నిలిచినారు. ఆ రోజుల్లో ఒక వకీలు గడ్డం గీయించుకొంటూ దొరల పక్షంగా ఏదో అన్నాడట. క్షురకుడు మారుమాట లేకుండా కత్తి మడిచి పొదిలో పెట్టుకొని, సగం గడ్డంతో ఆయనను విడిచి లేచిపోయినాడట. మిగిలిన సగం గీయడానికి ఊళ్ళో మరొకరు ముందుకు రాలేదట. ఈ కథ తూత్తుకుడిలో నేటికీ చెప్పుకొంటారు. పెదనాయన చెప్పి ముగించేటప్పటికి అరగంట పట్టినది. పెద్దమ్మ కొంగుతో కండ్లు తుడుచుకొని, “జబ్బు పడిన తరువాత ఇంతసేపు మాట్లాడినది ఈవేళే” అన్నది.

వాడు చేతి అద్దం పట్టినాడు. పెదనాయన చాలాసేపు చూచుకొని, “మా నాయన… లాగా ఉన్నాను” అన్నారు. మా వాడు నవ్వి, రాలిన వెంట్రుకలు ఊడ్చి, కత్తెరలను వేడినీళ్ళలో కడగడానికి పోయినాడు.

తల అట్లా పట్టుకోవడం ఎక్కడ నేర్చినావని అడిగినాము. మా వీధి మలుపులో ఉన్న సెలూనులోనట. ఆదివారం పూట స్నేహితుని ఇంటికని చెప్పి, ఏడాదిగా అక్కడికే పోతున్నాడు. మొదట ఊడ్చేవాడు, తరువాత తువ్వాళ్ళు ఉతికేవాడు, ఆరు నెలలకు చిన్నపిల్లల తలలు ఇచ్చినారట. ఆయన ఒక్క రూపాయి పుచ్చుకోలేదు. “మాటలు రావని చెప్పినాను నైనా. చెవులు వస్తే చాలు, నోటి పని వచ్చినవాళ్ళు చూచుకొంటారు అన్నాడు” అని చెప్పినాడు. ఆ సెలూనులో మేము ఇరవై ఏండ్లుగా కూర్చుంటున్నాము. ‘ఏమప్పా’ అని పిలుస్తాము. ఆయన పేరు ఎన్నడూ అడగలేదు.

ఇప్పుడు ఎట్టయాపురంలో దాచిన మాట చెప్పాలి. వాడి బిడియం మాకు అడ్డం కాలేదు. అడ్డం మాదే. ‘నాయుళ్ళ ఇంటి పిల్లవాడు కత్తెర పట్టినాడట’ అని చుట్టాలు అంటారనీ, సంబంధాలు వచ్చినప్పుడు అబ్బాయి ఏమి చేస్తున్నాడంటే నోరు రాదనీ మా భయం. ఆ భయాన్ని బయట పెట్టలేక వాడి బిడియాన్ని ముందు పెట్టినాము. తిరుమలలో కల్యాణకట్టకు పోయినప్పుడు ఎంతటివారమూ క్షురకుని ముందు తల వంచుతాము, కొండ దిగగానే మరచిపోతాము. ఆంధ్రదేశంలో చాలాచోట్ల మంగళసూత్రం కట్టేవేళ సన్నాయి ఊదేది నాయీబ్రాహ్మణులే. ఈ తమిళసీమలో వారి పేరు మరుత్తువర్, అంటే వైద్యులు. పుండ్లకు మందు కట్టినదీ, మన అవ్వలకు పురుడు పోసినదీ ఆ ఇండ్లవారే. అయినా పనిలేని మంగలి సామెత చెప్పుకొని నవ్వడం మాత్రం మానలేదు.

మహారాష్ట్రలోని మన వారికి శాంతాబాయి యాదవ్ పేరు తెలిసే ఉంటుంది. కొల్హాపూరు జిల్లాలో ఒక పల్లె. 1984లో భర్త పోగా, నలుగురు ఆడపిల్లలను సాకడానికి ఆయన కత్తే చేతపట్టినది. ఊరు నవ్వినది. ఆమె మానలేదు, పిల్లలను పెంచి పెండ్లిండ్లు చేసినది. ఆమెకు అది ఆకలి తెచ్చిన పని, కులం ఇచ్చిన పని. మా వాడు కోరి ఎంచుకొంటున్నాడు. ఈ తేడా చిన్నది కాదు. ఒక చుట్టం మాకు, “హెయిర్ స్టైలిస్టు అని చెప్పండి, గౌరవంగా ఉంటుంది” అని సలహా ఇచ్చినాడు. పేరు మార్చితే మా పరువు నిలుస్తుందేమో గాని, తరతరాలుగా అదే కత్తెరతో బ్రతికి, మన వాకిట నిలబడినవారికి ఏమి మిగులుతుంది? జుట్టు కత్తిరిస్తాడు అనే చెప్పదలచినాము.

బిడియం గల పిల్లలున్న తల్లిదండ్రులకు మేము చూచినది చెప్పుతాము. ఈ పనిలో అడగవలసిన ప్రశ్నలు కొన్నే, అవి నేర్చుకోవచ్చు. ఒక్క వేళకు ఒక్క మనిషే ఎదుట ఉంటాడు, సభ కాదు. చూపు అద్దంలోకి పోతుంది గనుక ముఖాముఖి అంత ఉండదు. కష్టాలూ లేకపోలేదు. రోజంతా నిలబడాలి, నడుము పడుతుంది. తల తలకూ బ్లేడు మార్చాలి, చేతులు కడుక్కోవాలి. ‘బాగా లేదు’ అని ముఖాన అనేవారు ఉంటారు, ఆ మాట తట్టుకొని మళ్ళీ దువ్వెన పట్టాలి. మొదటి ఏండ్లలో మా వాడికి ఇప్పటి జీతంలో సగమైనా రాదు. నేర్చుకొనే కాలంలో ఇంటి ఖర్చు మేము చూచుకొంటామని చెప్పినాము.

రాత్రి బస్సుకే తిరిగి వచ్చినాము, మరునాడు వాడికి ఆఫీసు. మిల్లర్‌పురం చూడలేదని మేము నొచ్చుకొంటే, “మరొకసారి నేను ఒక్కడినే పోయి వస్తాను” అన్నాడు. వాడు ఒక్కడినే ఎక్కడికైనా పోతాననడం మేము విన్నది అదే మొదలు.

బుధవారం ఉదయం మేమిద్దరం వీధి మలుపులోని సెలూనుకు పోయినాము. ఆయన అప్పుడే తలుపు ఎత్తి, అద్దం తుడుస్తున్నాడు. కటింగుకా అని కుర్చీ దులిపినాడు. కాదన్నాము. కొంచెంసేపు ఏమనడానికీ తోచలేదు. తరువాత పేరు అడిగినాము. ఆయన తువ్వాలు భుజాన వేసుకొని మా వైపు తిరిగి తన పేరు చెప్పి, లోపలికి వచ్చి కూర్చోమన్నాడు.